ఆరో బుట్ట

లియోనా కర్ర వలను వాగులోకి దించి, ఒడుపుగా తిప్పి, ఎగిరెగిరి పడుతున్న చేపలను బుట్టలో గుమ్మరించింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ముంజేతుల నిండా పొలుసులు, ముక్కు చివర కూడా ఒకటి. మే నెల వచ్చిందంటే ఆ ఊళ్ళో ఆడవాళ్ళెవరూ అద్దం చూసుకోరు. సముద్రం నుంచి ఏల్‌వైఫ్ చేపలు వాగుకు ఎదురీది, రాతి మెట్లెక్కి, గుడ్లు పెట్టడానికి పై చెరువుకు పోతాయి. వాటి వెనకే పక్షులు దిగుతాయి. పక్షుల వెనక హార్లన్.

హార్లన్ ఆమె మొగుడు. బడి బస్సు తోలి తోలి రిటైరయ్యాడు. ఏనాడూ ఏ పిల్లనీ ఇంటికి ఆలస్యంగా చేర్చలేదు. అంతకు మించి ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఫోటోలు తప్ప. అవీ గొప్పవి కావు. నీళ్ళలో మునిగిన చేపల గద్ద కాళ్ళ మధ్య చేపతో పైకి లేచే క్షణాన, దాని కళ్ళు కనబడేలా ఒక్క ఫోటో తీయాలని ఆయన ఆశ. ప్రతి వసంతంలోనూ గద్ద ఆయన వేలికన్నా ముందే వెళ్ళిపోయేది. ఇంట్లో గోడల నిండా తోకలే.

"మళ్ళీ తోకేనా?" అని లియోనా ఏడిపించేది.

"తోక దొరికిందంటే తల కాస్త ముందే ఉన్నట్టు కదే. రేపు చూద్దాం" అనేవాడు.

ఈ ఏడు మాత్రం ఆమెకు భయంగా ఉంది. చలికాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. వాగు మధ్య బండ ఎక్కొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయన బుద్ధిమంతుడిలా తలాడించి, చేపలు రాగానే వెళ్ళి ఎక్కి కూర్చున్నాడు. మధ్యాహ్నం తిండికి దిగి వస్తానని మాత్రం ఆమె ఒట్టు వేయించుకుంది.

ఆ రోజు వితంతువుల బుట్టల రోజు. తొలి పట్టులో ఊరి వితంతువులకు తలా ఒక బుట్ట ఊరికే ఇచ్చాకే, మిగతా చేపలను పెద్దరొయ్యల వేటకు ఎరగా అమ్ముతారు. తాతల నాటి రివాజు అది. ఈసారి ఐదుగురు వచ్చారు. అందరిలోకీ నోరున్న ముసలావిడ ఓపల్ బుట్టల వంక చూసి కన్ను గీటింది.

"ఏమే లియోనా, నీకూ ఒకటి వేసుకోవే. మొగుడున్నాడన్న మాటేగానీ, ఆయన కాపురం ఆ గద్దతోనే కదా!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. లియోనాకూ హుషారు పుట్టింది. ఆరో బుట్ట నింపి, ఐదింటి పక్కన పెట్టి, తడి గోనెగుడ్డ కప్పి, బండ వైపు గొంతెత్తింది.

"ఏమయ్యోయ్! నా బుట్ట కూడా నింపేశా! తిండికి రాకపోతే పట్టుకుపోతా!"

హార్లన్ కెమెరా నుంచి కన్ను తీయకుండానే చెయ్యెత్తి ఊపాడు.

మధ్యాహ్నమైంది. ఆయన రాలేదు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు సంచిలో వేసుకుని, చెవి మెలిపెట్టి దించుకొద్దామని గొణుక్కుంటూ లియోనా గట్టు వెంట నడిచింది. సగం దారిలో ఆగిపోయింది. మనిషి దగ్గితే చాలు లేచిపోయే సీగల్ పక్షులు రెండు ఆయన కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాయి. ఒకటి బూటు తాడు పట్టి లాగుతోంది. ఆయన ఊరుకున్నాడు.

"హార్లన్, తిండికి వేళయింది" అంది. మళ్ళీ అదే మాట అంది. కేక వేయాలని కూడా ఆమెకు తోచలేదు.

చేపల పని చూసే క్లైడ్, మరో నలుగురు ఆయనను మోసుకొచ్చి గడ్డి మీద పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి మెడ దగ్గర వేళ్ళు ఆనించి చూసి, లేచి టోపీ తీశాడు.

"నా నోరు పడిపోను" అంటూ ఓపల్ ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వు అన్నావంతే. నింపింది నేను" అంది లియోనా. "గుడ్డ కూడా కప్పా." ఎవరేం అడిగినా అదే చెప్పింది. గుడ్డ కూడా కప్పా.

క్లైడ్ కెమెరా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. రోజూ సాయంత్రం చూసే అలవాటుకొద్దీ ఆమె వేలు మీట నొక్కింది. తెర మీద ఎగసిన నీళ్ళు, ఓ మూల బూడిదరంగు ఈకలు.

"మళ్ళీ తోకేనా?" అనేసి, జవాబు కోసం గడ్డి మీద ఉన్న ఆయన వైపు తిరిగింది.

సాయంత్రానికి ఐదు బుట్టలూ ఆ వితంతువుల ఇళ్ళకు చేరాయి. ఎర లారీ వచ్చి మిగతా చేపలను ఎత్తుకుపోయింది. రివాజు ప్రకారం ఆరోది లియోనా గుమ్మంలో దించాలి. క్లైడ్ రెండుసార్లు దాని దాకా వెళ్ళాడు. ఎత్తలేకపోయాడు. నీళ్ళలో గుమ్మరించేయడానికీ చేతులు రాలేదు. వాగు గట్టున ఆ బుట్ట అలాగే ఉంది, దాని మీద గోనెగుడ్డ ఇంకా తడిగానే ఉంది.