బోర్లించని మూత

దగ్గరికి జరుగు మాన్యా, ఇంకా దగ్గరికి. గొంతెత్తి చెప్పే కథ కాదిది. మన జహనుమా గల్లీలో ఎదురు రేకుల గది ఉంది చూడు, అందులో ఉండిన రామ్‌చందర్ ఆఖరి రోజు ఇది. కొంత నేను చూసింది, కొంత ఉప్పుగూడ వాళ్లు చెప్పింది.

ఆ పొద్దున కూడా గడపలో పీట వేసుకుని పాత సైకిల్ ట్యూబును కత్తెరతో రింగులుగా కోస్తున్నాడు. చిటికెన వేలికి పట్టేంత రింగులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగూ వక్కపొడి డబ్బా మూతలో వేశాడు. అతను చేసేవి ఇనుప సామానుతో కరెంటు దీపాలు; ఇనుములోంచి తీగ దూరే ప్రతి రంధ్రానికీ ఒక రింగు తొడగాలి. లేకపోతే ఇనుప అంచు తీగ తొడుగును కోసేస్తుంది, కరెంటు ఇనుమంతా పాకుతుంది. దీపానికి ఎన్ని రంధ్రాలో అన్నే రింగులు కోసేవాడు. పని అయ్యేసరికి మూత ఖాళీ కావాలి. ఖాళీ అయితే దాన్ని గడపలో బోర్లించేవాడు. బోర్లించిన మూత కనబడితేనే నాకు నమ్మకం, ఇవాళ రామ్‌చందర్ అన్నం తింటాడని.

ఎందుకంత భయమంటావా? ఒకప్పుడు అతను ఇనుప కూలర్లు చేసేవాడు. అప్పటికి పదకొండేళ్ల కింద, నడి ఎండాకాలం, అతను చేసిన కూలర్‌లోనే భార్య పుష్పమ్మ నీళ్లు పోస్తూ ఉంది. బిందె పడిన చప్పుడు నేనూ విన్నాను. ఆమె పోయాక చూస్తే రేకు అంచు దగ్గర తీగ గోరంత ఒలిచి ఉంది. గోరంతే. మళ్లీ కూలర్ ముట్టలేదు. జనం పారేసిన సామాను ఏరుకొచ్చి దీపాలు చేయడం మొదలుపెట్టాడు.

"మళ్ల కరెంటు పనేనా తమ్మీ?" అని ఒకసారి అడిగాను.

"గదొక్కటే వచ్చు అక్కా. భయపడుకుంట చేస్తే మంచిగ చేస్త" అన్నాడు.

ఆ రోజు చేసింది కొంగ. అడుగున పాత స్కూటర్ చక్రం డ్రమ్ము, కాళ్లకు ఫ్యాను రాడ్లు, పొట్టకు సొట్టలుపడ్డ ఇడ్లీ పాత్ర, మెడకు సైకిల్ హ్యాండిల్. ముక్కు తూట్ల గరిటె. నూనె డబ్బా రేకును సాగగొట్టి రెక్కలు చేసి, లోపలి బల్బు వెలుగు చుక్కలుగా పడేలా మేకుతో వందల చిల్లులు పొడిచాడు. సన్నటి మనిషి, పని చేసేటప్పుడు నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకునేవాడు. మధ్యాహ్నానికి నాలుగు రింగులూ నాలుగు చోట్ల కూర్చున్నాయి. ప్లగ్గు పెట్టి, ముందు టెస్టర్‌తో చూశాడు. తర్వాత, ఎప్పటిలాగే, చెయ్యి తడుపుకుని కళ్లు మూసుకుని కొంగ మెడ పట్టుకున్నాడు. కళ్లు తెరిచి, మూత బోర్లించాడు.

నాలుగింటికి, ఆ కొంగను చేయించుకున్న ప్రభాకర్ ఆటో తెచ్చుకుని వచ్చాడు. కోస్తా వైపు నుంచి వచ్చి ఉప్పుగూడలో కాపురమున్న గుమాస్తా. "మా శ్రీహిత లేచి నిలబడుతోందండీ, ఏది దొరికితే అది పట్టుకుంటోంది. దాని కోసమే ఇది" అని మురిసిపోయాడు.

కొంగ ఆటోలో పట్టలేదు. మెడ బయటికి వచ్చింది.

"ఏంది బాపు, దీనికి కూడ టికెట్ కొట్టాల్నా? మెడ మలుపు, జల్దీ! వెనక లారీ ఒర్లుతుంది" అని ఆటోవాడి లొల్లి. గల్లీ అంతా నవ్వింది. రామ్‌చందర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే కొంగను పీట పక్కకు దించి, మెడ నట్టు విప్పి, మెడను పీకి, వెనక్కి తిప్పి మళ్లీ బిగించాడు. "ఉప్పుగూడ స్టేషన్ వెనక, హనుమాన్ గుడి పక్కిల్లు" అని ప్రభాకర్ చెబుతుండగానే ఆటో కదిలింది.

పొద్దు వాలే ముందు నేను చాయ్ ఇవ్వబోయాను. అప్పుడు చూశాడు, పీట పక్కన నల్లగా. రింగు.

చాయ్ గ్లాసు అందుకోలేదు. వంగి, ముందు మూతను వెల్లకిలా తిప్పాడు. రింగును, పానాను, టేపును జేబులో వేసుకున్నాడు.

"ఫోన్ చెయ్యి తమ్మీ!"

"నంబరు అడగలే అక్కా." చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. "దీపాలు పెట్టే యాళ్లకు పోవాలె."

ఫలక్‌నుమా స్టేషన్‌కు పోతే రైలు ఇంకా అరగంటకు గాని లేదన్నారు. నడిచాడు. నడక కాదు, పరుగూ కాదు. పొద్దు వాలుతోంది. దారి పక్క ఒక్కో ఇంట్లో లైటు వెలుగుతుంటే అతని చెవుల్లో ఒక్కో బిందె పడిన చప్పుడు. ఎడమ చెయ్యి గుంజుతున్నా ఆగలేదని తర్వాత వాళ్లతో అన్నాడట.

ఆ ఇంటి తలుపు తీసే ఉంది. హాల్లో కొంగ. రెండు చేతులతో దాని కాలు పట్టుకుని నిలబడి ఉంది పదకొండు నెలల శ్రీహిత. ప్రభాకర్ గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని, "అయిందా?" అంటున్నాడు.

"ఉండండీ! దేవుడి దగ్గర వెలిగించకుండా కొత్త దీపం పెడతారా ఎవరైనా? ఈ వత్తి అంటుకుంటేగా" అంటోంది అతని భార్య కమలకుమారి, మూడో అగ్గిపుల్ల గీస్తూ.

వత్తి అంటుకుంది.

రామ్‌చందర్ చెప్పులతోనే లోపలికి దూకి పాపను లాగేశాడు. కమలకుమారి కెవ్వుమంది. ప్రభాకర్ చేతిలోని ప్లగ్గు నేల మీద పడింది.

అతను కింద కూలబడి మెడ విప్పి చూపించాడు. తీగ మీద గోరంత మేర రాగి మెరుస్తోంది. చెడిన ముక్క కోసేసి, తీగ కలిపి టేపు చుట్టి, రింగు తొడిగి, బిగించాడు. ప్లగ్గు తానే పెట్టాడు. చెయ్యి తడుపుకుని మెడ పట్టుకున్నాడు. గోడల నిండా వెలుగు చుక్కలు.

"ఇప్పుడు పర్లేదాండీ?" ప్రభాకర్ అడిగాడు.

"ఇప్పుడు ముట్టుకోనియ్యుండ్రి."

పాప మళ్లీ కొంగ కాలు పట్టుకుంది. ఈసారి రామ్‌చందర్ కళ్లు మూసుకోలేదని కమలకుమారి నాకు చెప్పింది. మంచినీళ్లు తాగి, చెప్పులతో వచ్చినందుకు క్షమించమని, వెళ్లిపోయాడు.

ఉప్పుగూడలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. తర్వాతిది ఫలక్‌నుమా, ఆఖరి స్టేషను. అందరూ దిగారు. అతను దిగలేదు. నిద్రపోయాడనుకుని ఊడ్చే ఆమె భుజం తట్టింది.

కబురు వచ్చినప్పుడు నేను ఏడవలేదు మాన్యా, భయపడ్డాను. రింగు పెట్టాడో లేదో నాకేం తెలుసు? గడపలో మూత వెల్లకిలానే ఉంది. తెల్లారి ఉప్పుగూడ వెళ్లి, చక్కని చుక్కల వెలుగులో ఆడుకుంటున్న పాపను చూసి, తిరిగొచ్చి నేనే దాన్ని బోర్లించాను.

రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు కొంగ ఎంత బాగుందో చెప్పకపోయినా ఫరవాలేదు, రింగులు నాలుగని మాత్రం మరిచిపోకు. అదుగో, అక్కడే ఉంది ఆ మూత, అంచంతా తుప్పు పట్టి, బోర్లించినది బోర్లించినట్టే.