లిజెట్ చెట్టు

కిన్‌రాస్ దొర పేరిట పెట్టిన ఫలకాన్ని ఆవిష్కరించే రోజు పొద్దున్నే మా నార్సిస్ మావయ్య గొడ్డలి పట్టుకుని చెరువొడ్డున స్ప్రూస్ చెట్టెక్కాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆ చెరువున్న నేషనల్ పార్కులో నేను వార్డెన్‌ని. అక్కడ ఎవరు కొమ్మ విరిచినా కేసు రాయాల్సింది నేనే.

గొడవంతా ఫలకం మీద మాటలతో వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట బీవర్ తోళ్ల వర్తకానికి వచ్చిన కిన్‌రాస్, ఈ రాకీ కొండల కనుమను ఒంటరిగా కనిపెట్టాడని కంచులో పోత పోయించారు. ఒంటరిగానట! దారి చూపింది ఆయన పెళ్లాం, మా అవ్వకు ముత్తవ్వ అయిన లిజెట్. వీపున పసిబిడ్డను కట్టుకుని మంచులో ముందు నడిచింది ఆవిడే. తెల్ల వర్తకులకూ ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్లకూ పుట్టిన సంతతి మేం, మా మెటీ ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. ఫలకం మీద ఆవిడ పేరు కూడా వేయమని మావయ్య పార్కు ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాడు. "ఆవిడ పేరున్న కాగితం ఒక్కటి తీసుకురండి, చూద్దాం" అన్నాడు సూపరింటెండెంట్ హార్లో. మావాళ్లకు కాగితాలెక్కడివి?

పాతకాలంలో తోళ్ల పడవలు నడిపే మావాళ్లు ఎవరినైనా గౌరవించాలంటే విగ్రహం పెట్టేవారు కాదు. ఒడ్డున అన్నిటికన్నా ఎత్తైన చెట్టెక్కి, పైన కుచ్చు మాత్రం వదిలి, నడుమ కొమ్మలన్నీ కొట్టేసేవారు. ఇక ఆ చెట్టును ఆ మనిషి పేరుతోనే పిలిచేవారు. నేను పుట్టాక అలాంటి చెట్టు ఒక్కటీ చూడలేదు.

"మావయ్యా, దిగు! నా ఉద్యోగం ఊడగొడతావా ఏంటి?"

"నీ ఉద్యోగం నువ్వు చేసుకోవే, ఎవరొద్దన్నారు? ఇంకా నాలుగు కొమ్మలున్నాయి. పక్కకు జరుగు, నెత్తిన పడతాయ్!"

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పక్కకు జరిగాను.

నాలుగూ కొట్టాకే దిగాడు. అప్పటికి వచ్చిన అతిథులంతా ఫలకాన్ని వదిలేసి చెట్టుకేసి చూస్తున్నారు. హార్లో ముఖం కందగడ్డ అయింది.

"ఒడీల్, కేసు రాయి. ఒక్క ముక్క వదలొద్దు. ఇది హెడ్డాఫీసు దస్త్రంలోకి వెళ్లాలి" అన్నాడు.

జీపు బానెట్ మీద ఫారం పెట్టుకుని రాశాను. కొట్టినవాడు: నార్సిస్ లాఫ్రెనియేర్. కారణం అన్నచోట కాసేపు కలం ఆగింది. తర్వాత రాశాను: కిన్‌రాస్‌కు దారి చూపి ఈ కనుమ దాటించిన అతని భార్య లిజెట్ జ్ఞాపకార్థం.

హార్లో అది చదివి నా వైపు చూశాడు. ఒక్క ముక్క వదలొద్దన్నది ఆయనే కదా. సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

నకలు మావయ్య చేతికిచ్చాను. జరిమానా ఎంతో ఆయన చూడనే లేదు. కళ్లజోడు పెట్టుకుని, అక్షరాల వెంట వేలు నడిపించి, లిజెట్ పేరు దగ్గర ఆపాడు. చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత ఆ కాగితాన్ని హార్లో ముందుకు చాపాడు.

"ఇదిగో అయ్యా, మీరడిగిన కాగితం."