ఉప్పలమ్మ లెక్కల పరీక్ష

ఆత్మకూర్ (ఎస్)లో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టిన ఉప్పలమ్మ బడి మొహం చూడలేదు. పెళ్లయి మిర్యాలగూడ వచ్చి, రైస్ మిల్లులో పనికి కుదిరింది. బస్తాల మీది అక్షరాలు చూపించి గుమాస్తా జంగయ్యను అడిగి అడిగి చదవడం నేర్చుకుంది.

ఒకరోజు కడుపుతో ఉన్న వసంత బస్తా మోస్తూ కూలబడింది. బిడ్డ దక్కలేదు. నాలుగు రోజులైనా కాకముందే ఆమెను పనికి రమ్మన్నారు. ఉప్పలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆడవాళ్లందరినీ గేటు ముందు కూర్చోబెట్టి, కార్మిక చట్టాల పుస్తకం మీద వేలు పెట్టుకుంటూ ఒక్కో మాటా చదివి వినిపించింది. వారాల తరబడి మిల్లు ఆగింది. చివరికి యజమాని కాన్పు సెలవుకు ఒప్పుకున్నాడు.

ఆ పోరాటం మిల్లు నుంచి మిల్లుకు పాకింది. ఏళ్లు గడిచేసరికి ఉప్పలమ్మ దేశమంతటి మిల్లు కార్మిక మహిళల సంఘానికి అధ్యక్షురాలైంది. ఢిల్లీలో మంత్రులకు ఎదురుగా కూర్చుని, ఎన్నో రాష్ట్రాల్లో అదే సెలవు సాధించింది.

అరవైకి దగ్గర పడ్డాక ఆమె ఓపెన్ టెన్త్ కట్టింది. సూర్యాపేటలో లెక్కల పరీక్ష రోజు సంఘం కార్యదర్శి సతీష్ గేటు దగ్గర ఆపాడు.

"అక్కా, లోపల మనోళ్లున్నరు. చిట్టీ అందిస్తరు. నువ్వు ఫెయిలైతే సంఘం పరువు పోతది."

"దొంగ రాత రాస్తె పోదా పరువు? పక్కకు జరుగు."

లెక్కల్లో తప్పింది. ఆ వార్త ఫోన్లన్నీ తిరిగింది. ఆ వారమే కోదాడ సభలో మైకు అందుకుందో లేదో, వెనక నుంచి ఒకాయన లేచాడు.

"పదో తరగతి గట్టెక్కలేదు. మాకేం చెప్తారండీ?"

జనం నవ్వారు. ఉప్పలమ్మ మొహం వేడెక్కింది.

"నిజమే అన్నా, ఫెయిలైన. బీజగణితం నాకు ఇంకా సమజ్ కాలే. మళ్ల రాస్త. ఇగ ఇయ్యాల్టి ముచ్చట చెప్తా, కూసో."

ఆయన కూర్చున్నాడు. సభ అయ్యాక రజిత అనే కూలి మనిషి దగ్గరికొచ్చి, "నేనూ లెక్కల్లోనే తప్పానమ్మా. సిగ్గుతో మళ్లీ కట్టలేదు" అంది.

"రా, ఇద్దరం రాద్దాం" అంది ఉప్పలమ్మ.

సంఘం పనుల మీద ఢిల్లీలో ఉన్నా, ఫోన్లోనే రజితతో కలిసి లెక్కలు చేసింది. రెండోసారి ఇద్దరూ గట్టెక్కారు. అభినందించడానికి వచ్చిన సతీష్‌ను ఉప్పలమ్మ కూర్చోమనైనా అనకుండా అడిగింది:

"ఇంటర్ల ఏ గ్రూపు తీసుకుంటె మంచిగుంటది రా?"