కాదనగల మనిషి

తాళాల మేస్త్రి చనిపోయిన నెలకి బయటపడింది సంగతి. ఆయన జీవిత బీమా డబ్బు అందేది విడాకులిచ్చిన మొదటి భార్యకట! పదేళ్ళు కాపురం చేసిన రెండో భార్యకి చిల్లిగవ్వ లేదట.

"మార్చడం మర్చిపోయుంటాడు" అన్నారు కొందరు చుట్టాలు. "మొదటావిడ మీద మమకారం చావలేదు" అన్నారు తక్కినవాళ్ళు. ఇలాంటి మాటలకి కాళ్ళుంటాయి కదా, రెండో భార్య చెవిన పడనే పడింది. అసలే దుకాణం గది అమ్మేస్తున్నాననీ, కొనుక్కోకపోతే ఖాళీ చెయ్యాలనీ యజమాని కబురు పెట్టాడు. ఆమెకి అన్నం పెట్టేది ఆ గదే. అయినా గదికంటే ఆ మమకారం మాటే ఆమెని ఎక్కువ కోసింది.

మేస్త్రికి మొదటి భార్య వల్ల పుట్టిన కూతుర్ని ఇంటిల్లిపాదీ సీఐడీ అంటారు. విషయం తేలకపోతే ఆ పిల్లకి కడుపుబ్బిపోతుంది. తిన్నగా బీమా ఆఫీసుకి వెళ్ళి కూపీ లాగింది.

"మర్చిపోవడమేంటమ్మా! రెండో పెళ్ళైన వారానికే మీ పిన్ని పేరు రాయించారు. నిరుడు చలికాలంలో మళ్ళీ వచ్చి, మీ అమ్మగారి పేరు పెట్టించుకుని వెళ్ళారు" అన్నాడు గుమస్తా.

ఇది మరీ వింతగా ఉంది. నిరుడు తండ్రి పిన్నితో నవ్వుతూ తుళ్ళుతూనే ఉన్నాడు. తల్లినడిగితే, కర్టెన్ కుడుతున్న మిషన్ ఆపకుండానే "నాకు రాశాడు, నేను తీసుకుంటాను. నీకెందుకు?" అంది. తల్లికి ఇంత ఆశేమిటని కూతురికి సిగ్గేసింది. కానీ సిగ్గుకంటే ఆరా పెద్దది. దుకాణానికి బయల్దేరింది.

అక్కడ పిన్ని మిషన్ మీద తాళంచెవి కోస్తోంది. పక్కనే స్టూలు మీద ఆమె అన్నగారు. ఇంతవరకూ మూడు వ్యాపారాలు ముంచిన ఘనుడు.

"కేసు వేద్దామే. డబ్బు చేతికొస్తే నేను చూసుకుంటాగా" అంటున్నాడు. ఎలా చూసుకుంటాడో అందరికీ తెలుసు, చెల్లెలికి తప్ప.

ఇంతలో ఒక పెద్దాయన వచ్చి, రెండో తాళంచెవి చేయించి పక్కింటివాళ్ళకి ఇచ్చి ఊరెళ్తానన్నాడు. "చాలా మంచివాళ్ళమ్మా, అడిగితే కాదనరు" అని మెచ్చుకున్నాడు కూడా.

"అయ్యో, అలాంటివాళ్ళకి ఇవ్వకండి" అంది పిన్ని అలవాటుగా. "మా ఆయన అందరికీ చెప్పేవారు. రెండో చెవి మంచివాళ్ళకి కాదు, కాదనగలిగే వాళ్ళకివ్వాలట. మెత్తని మనిషైతే, మీ బావమరిది వచ్చి చెయ్యి చాపినా తీసి ఇచ్చేస్తుంది."

అనేసి ఆగిపోయింది. మిషన్ ఒట్టినే తిరుగుతోంది. అన్నగారు మాత్రం ఫోన్ చూసుకుంటున్నాడు.

పెద్దాయన వెళ్ళాక పిన్ని సీఐడీని బయటికి తీసుకెళ్ళింది. "బీమాలో మీ అమ్మ పేరు మీ నాన్న ఎప్పుడు రాయించారు? నువ్వు ఈపాటికి కూపీ లాగే ఉంటావు."

"నిరుడు చలికాలంలో పిన్నీ."

"అప్పుడే కదా, ఈ గది కొనడానికి దాచిందంతా అన్నయ్య ఏడిస్తే ఇచ్చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. కోపం లేదనుకున్నాను."

ఇద్దరూ కలిసి తల్లి దగ్గరికి వెళ్ళారు. ఆ ఇద్దరాడవాళ్ళూ ఎదురుపడటం అదే మొదలు.

"బీమా డబ్బు మీ పిన్ని అన్నయ్యకి చిక్కకుండా నా పేర ఉంచుకోమని మీ నాన్న వచ్చి అడిగాడు" అంది తల్లి, ఈసారి మిషన్ ఆపి. "నన్నే కాదన్నదానివి, వాణ్ణి కాదనలేవా, అన్నాడు. ఒప్పుకున్నాను."

"నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున చెప్తే మధ్యాహ్నానికి వాళ్ళన్నయ్య నా గుమ్మంలో ఉండేవాడు." తల్లి పిన్ని వైపు తిరిగింది. "గది కొని నీ పేరనే రాయిస్తాను. నీ చేతికి మాత్రం పైసా ఇవ్వను. గది కాయితాలు నా పెట్టెలోనే ఉంటాయి."

ఆయన మనసులో తనకి చోటుందో లేదో అని ఇన్నాళ్ళూ కుమిలిన మనిషి అక్కడే బావురుమంది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, చిన్నపిల్లలా అడిగింది.

"అక్కా, మా అన్నయ్య ఆ కాయితాలు తాకట్టు పెడతానంటేనో?"

"నా దగ్గరికి పంపు."