తప్పిన చప్పట్లు

దువ్వెనను నీళ్ళలో ముంచి, ఒకసారి విదిలించి, ఆమె తలకు పెట్టాడు. పొడి దువ్వెనకైతే జుట్టు ఎక్కువ ఊడుతోందని నెల కిందటే కనిపెట్టాడు. మూడు పాయలు తీసి జడ అల్లి, కొసన ఉన్నిదారం ముడివేశాడు. మొదట్లో ఆ జడ ఎలుకతోకలా ఎటో వంకరపోయేది. ఇప్పుడు చెయ్యి తిరిగింది. భార్య గుండె బలహీనపడి మంచం పట్టిన ఈ ఏడు నెలల్లో అతను నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

"ఇవాళ షూటింగు ఉందాండీ?" అని అడిగింది ఆమె.

"ఉంది" అన్నాడు.

అది అబద్ధం. నెల రోజులుగా రోజూ పొద్దున్నే ఈ గదిలో చెబుతున్న అబద్ధం. నలభై ఏళ్ళ కాపురంలో అతను ఆడిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు, అవి కూడా ఒక పూటలో బయటపడినవే. ఇది మాత్రం నెల నిలిచిందంటే అతనికే ఆశ్చర్యంగా ఉంది.

ఆఫీసులో అతన్ని కుడిచెయ్యి అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ మాట విని, ఎవరో పెద్దవారికి కుడిభుజం కాబోలనుకుని కుర్చీలోంచి లేచి నిలబడతారు. నిజానికి అతను ఒక బొమ్మకు కుడిచెయ్యి. టీవీలో సణుగుడు తాత అనే బొమ్మ ఉండేది. బల్ల వెనక కూర్చుని ఎండను తిట్టేది, వానను తిట్టేది, రెండూ లేని రోజున వాతావరణ వార్తలు చదివేవాణ్ణి తిట్టేది. పంతొమ్మిదేళ్ళు జనం విరగబడి నవ్వారు. ఆ తాతకు గొంతూ నోరూ ఎడమచెయ్యీ బొమ్మను ఆడించే పెద్దాయనవి. బల్ల కింద పెట్టెలో, పెద్దాయన చంక పక్కన ఒదిగి కూర్చుని, నాలుగువేళ్ళ ఉన్ని తొడుగులో చెయ్యి దూర్చి పైకెత్తేవాడు ఇతను. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. తాతకు ఆ ఇబ్బంది లేదు, రెండు చేతులూ ఇద్దరు మనుషులవి.

మొదటి రోజే తప్పు జరిగింది. తాత తన హాస్యానికి తానే మురిసి చప్పట్లు కొట్టుకోవాలి. కాగితం మీద లేని మాటేదో పెద్దాయన అప్పటికప్పుడు అనేశాడు. ఇతనికి నవ్వు ఆగలేదు. ఎడమచెయ్యి వచ్చి గాలిని కొట్టి వెళ్ళిపోయాక, కుడిచెయ్యి తీరిగ్గా వచ్చి, అదీ గాలిని కొట్టింది. మళ్ళీ తీద్దామని దర్శకుడు లేచేసరికి కెమెరా దగ్గరి మనిషి పొట్ట పట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆ తప్పే ఖాయమైపోయింది. ఆ తరువాత బడిపిల్లలు, పెళ్ళిపందిళ్ళలో పెద్దమనుషులు, అందరూ ఆ తప్పిన చప్పట్లే కొట్టారు. అవి ఎవరి పుణ్యమో ఎవరికీ తెలియదు. చివర పేర్లు పడేటప్పుడు అతని పేరు దాకా ఎప్పుడూ రాలేదు.

ఒక్క భార్యకు తెలుసు. తొడుగులు అల్లింది ఆమె. వారం తిరిగేసరికి పెట్టె అంచుకు రాసుకుని మోచేతి దగ్గర ఉన్ని చివికిపోయేది, చెమటా దుమ్మూ పట్టి రంగు మారేది. శనివారం సాయంత్రం అతను ఇంటికి తేవడం, ఆమె ఉతికి, చిరుగు కుట్టి, సోమవారానికి సిద్ధంచేయడం. పంతొమ్మిదేళ్ళూ అదే వరస.

పెద్దాయన పోయాడు, కార్యక్రమం ఆగింది. పదకొండేళ్ళ తరువాత మళ్ళీ తీస్తున్నారని, అతనికి కబురొచ్చిందని తెలిసిన రోజున ఆమె మంచంమీద నుంచే ఉన్ని తెప్పించమంది. జబ్బుపడ్డాక ఆమె నోరు తెరిచి కావాలని అడిగింది అదొక్కటే. చేతులు వణుకుతున్నా వదలకుండా అల్లింది. అతను ఆ తొడుగు పట్టుకుని వెళ్ళాడు. అక్కడ అతనికి పెట్టె చూపించలేదు, కుర్చీ చూపించారు. ఇప్పుడు పెట్టెలో పెద్దాయన బదులు వచ్చిన కొత్తతను ఒక్కడే ఉంటాడట, కుడిచేతికి సన్నని కడ్డీ పెడతారట, అన్నీ అతనే ఆడిస్తాడట. మీ మోకాళ్ళను ఇంకా కష్టపెట్టడం ఎందుకండీ, ప్రేక్షకుల ఉత్తరాలకు జవాబులు రాద్దురుగాని అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ సాయంత్రం ఇంటికొస్తే, "సరిపోయిందా?" అని అడిగింది ఆమె, తొడుగు గురించి. "అతికినట్టు సరిపోయింది" అన్నాడు. అక్కడ మొదలైంది ఆ అబద్ధం. తొడుగు ఆఫీసు బల్ల సొరుగులో ఉండిపోయింది.

నిన్న సాయంత్రం మొదటి భాగం వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. తాత సణిగాడు, మురిశాడు, చప్పట్లు కొట్టాడు. రెండు అరచేతులూ వచ్చి చక్కగా కలుసుకున్నాయి. అతను ఓరకంట ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. అయిపోయాక అతని కుడిచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కింది. "నొప్పిగా ఉందా?" అంది. లేదన్నాడు. గండం గడిచిందనుకున్నాడు పాపం.

మంచినీళ్ళ గ్లాసు, మాత్రలు ఆమె చేతికందేలా పెట్టి, పక్కింటావిడకు ఒక కేకవేసి చెప్పి, బస్సెక్కాడు.

ఆఫీసులో పొద్దున్నుంచే ఉత్తరాలు వరదలా వస్తున్నాయి. ఉత్తరాలంటే ఇప్పుడు కాగితం కాదు, కంప్యూటరు తెరమీద ఒకదాని కింద ఒకటి పడుతుంటాయి. తాత కొత్త చొక్కా బాగుందని ఒకరు. తాత ఒళ్ళు తగ్గాడు, షుగరేమైనా వచ్చిందా అని ఒకరు. మా నాన్న పక్కన కూర్చుని చూసేవాణ్ణి, నిన్న ఖాళీ కుర్చీ పక్కన వేసుకుని చూశాను, థాంక్స్ అని ఒకరు. ఆ చివరిదాని దగ్గర అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబులు సొంతంగా రాయకూడదు. నాలుగు జవాబులు ముందే రాసిపెట్టి ఉన్నాయి, వాటిలో ఒకటి ఎంచి నొక్కాలి. మెచ్చుకుంటే ఒకటి, సలహా చెబితే రెండు, ఏదో మారిందని ఫిర్యాదు చేస్తే మూడు, తిడితే నాలుగు.

పదిగంటల నుంచి మూడోది నొక్కీ నొక్కీ వేలు నొప్పిపెట్టింది. అందరిదీ ఒకటే గోల. అంతా బాగానే ఉంది గాని ఏదో పోయింది అంటారు. గొంతు అంటాడొకడు, కళ్ళు అంటుంది ఇంకొకావిడ. చివరికి ఒక బడిపంతులు పట్టుకున్నాడు: తాతకు చప్పట్లు కొట్టడం వచ్చేసింది, ఇక నవ్వడానికి ఏముంది అని రాశాడు. అది చదివి అతను తెర పక్కకు తిరిగి ఎవరూ చూడకుండా నవ్వుకున్నాడు.

పదకొండు దాటాక ఇంకొకటి వచ్చింది. పేరు లేదు, ఫొటో ఉండాల్సిన చోట ఏదో పువ్వు ఉంది.

"ఆ కుడిచెయ్యి ఆయనది కాదు. ఆయనదైతే ముందు బొటనవేలు కదులుతుంది, తర్వాత చెయ్యి వస్తుంది. నవ్వు ఆపుకుంటారు కాబట్టి అలా అవుతుంది. ఆయన్ని పిలవండి. ఆయనంతట ఆయన అడగరు."

అతను రెండుసార్లు చదివాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ చేతికి ఒక ఉత్తరం రావడం ఇదే మొదలు. చెయ్యి వెనక మనిషి ఉన్నాడని ఎవరికో తెలుసు. బొటనవేలి సంగతి అతనికే తెలియదు. బల్ల కింద చెయ్యి పెట్టి, నవ్వు గుర్తుతెచ్చుకుని చూసుకున్నాడు. నిజమే, ముందు అదే కదిలింది. పాత స్టూడియో మనిషెవరో అయి ఉండాలి, ఆ కెమెరా అతనేమో అనుకున్నాడు. అమ్మా, అయ్యా, మీరెవరో గాని, అని మొదలుపెట్టి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. ఇంతలో సూపర్‌వైజరు అమ్మాయి వెనక నుంచి వెళుతూ, జవాబులు పేరుకుపోతున్నాయి సార్ అంది. ఉలిక్కిపడి మూడు నొక్కాడు.

"సణుగుడు తాతలో ఏ మార్పూ లేదు. అంతా ఎప్పటిలాగే ఉంది. మీ అభిమానానికి కృతజ్ఞతలు." వెళ్ళిపోయింది. పోయినదాన్ని వెనక్కి తెచ్చే మీట ఆ కంప్యూటరులో లేదు.

మూడున్నరకు దర్శకురాలు పిలిచింది. కూతురి వయసు పిల్ల, చిన్నప్పుడు ఆ చప్పట్లు కొట్టుకుంటూ పెరిగానంది. ఆమె ముందు కాగితాలమీద అచ్చుతీసిన ఉత్తరాల కట్ట ఉంది, పువ్వు బొమ్మ ఉన్నది అన్నిటికన్నా పైన ఉంది. ఇన్ని వందల మందికి ఏమిటో అర్థంకాని లోటు ఈ ఒక్కరు విడమరిచి చెప్పారంది. కడ్డీ తీసేస్తామంది. సోమవారం నుంచి పెట్టెలోకి వస్తారా అని అడిగింది, మోకాళ్ళకు మెత్త వేయిస్తానంది. ఆ తరువాత పెన్ను తీసి అడిగింది.

"ఎంత ఆలస్యంగా రావాలి అంకుల్, ఆ చెయ్యి?"

ఇన్నేళ్ళూ అది అతన్నెవరూ అడగలేదు.

"నవ్వు కాస్త తగ్గాక రావాలమ్మా" అన్నాడు. ఆమె అలాగే రాసుకుంది.

ఆ వేళ తొందరగా వెళ్ళనిచ్చారు. సొరుగులోంచి తొడుగు తీసి, సంచీని పక్కన పెట్టుకుని బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఇక ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేదు. సోమవారం నుంచి అబద్ధమే నిజమైపోతుంది. అతను తొడుగు తొడుక్కుని ఒళ్ళో మెల్లగా చప్పట్లు తప్పించాడు. ఎదురుసీటులో పెద్దావిడ ముందు వింతగా చూసి, తరువాత గుర్తుపట్టి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడే అతని కళ్ళు తొడుగుమీద పడ్డాయి. మల్లెపూవులా ఉంది. నెల రోజులు పనిచేసిన తొడుగు అలా ఉంటుందా? ఇన్ని రోజులూ ఈ ఆలోచన తట్టనందుకు తనను తాను తిట్టుకుని, కిటికీ పట్టీమీది దుమ్ముకు దాన్ని బాగా రుద్దాడు. మోచేతి దగ్గర గోటితో గీకి ఉన్ని పీచు లేపాడు. రాత్రి ఆమె దాన్ని చూసి, అయ్యో ఎంత మాపారండీ అంటుందని ఊహించుకున్నాడు. సంచీ అడుగున ఫోను మోగుతూనే ఉంది. బస్సు రొదలో అతనికి వినిపించలేదు.

తలుపు తెరిచే ఉంది. పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురైంది, కళ్ళు వాచి ఉన్నాయి. డాక్టరు ఇప్పుడే చూసి వెళ్ళాడంది. మూడు గంటలకు పాలు ఇద్దామని వస్తే వదిన నిద్రపోతోందనుకుని వెళ్ళిపోయానని, మళ్ళీ వచ్చి చూస్తే ఒళ్ళు చల్లగా ఉందని చెప్పింది.

అతను వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. పొద్దున వేసిన జడ చెదరలేదు.

పక్కింటావిడ ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. పొద్దున వదిన పిలిచి ఫోను తెమ్మందట. తన చేతులు వణుకుతున్నాయి, నేను చెబుతాను నువ్వు టీవీవాళ్ళకు రాయి అందట. అన్నయ్యగారికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట.

"నెల నుంచి ఒక్క శనివారం కూడా తొడుగు ఉతకడానికి రాలేదు, ఆయనకి పని లేదు, పాపం నాకు చెప్పలేక తిరుగుతున్నారు అంది అన్నయ్యగారూ."

ఫోను తీసి చూపించింది. పువ్వు బొమ్మ, దాని కింద ఆ నాలుగు ముక్కలు, వాటి కింద అతను నొక్కిన జవాబు.

"ఇది రెండుసార్లు చదివించుకుంది" అంది పక్కింటావిడ. "వీళ్ళకీ అబద్ధమాడటం చేతకాదు అని నవ్వింది. ఆ తర్వాత పడుకుంటానంది."

ఆ జవాబు పంపింది ఎవరో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. సోమవారం పెట్టెలోకి పిలిచారని చెప్పవలసిన మనిషికి ఇక చెప్పలేడు. మట్టి కొట్టుకుపోయిన తొడుగు ఇంకా చేతికే ఉందని అప్పుడు చూసుకున్నాడు. దాన్ని తీయబోయి, తీయలేక, ఆ చేత్తోనే ఆమె దుప్పటి సర్దాడు.

దిండు పక్కన సూదులకు చిక్కుకుని ఇంకో కొత్త తొడుగు ఉంది, మూడు వేళ్ళు అల్లడం అయిపోయి, బొటనవేలు ఒక్కటే మిగిలి.