చూడనివాడే తినాలి

నూట నలభై అడుగుల దగ్గర డెల్మార్ హాగన్ గిలక ఆపాడు. పది పౌన్ల సీసపు గుండు ఉక్కు తీగ చివర వేలాడుతూ ఆ లోతులో పడవ వెంట వస్తోంది. గుండుకి కాస్త పైన తీగకి తగిలించిన క్లిప్పు గాలపు దారాన్ని కరిచి పట్టుకుని ఉంది. పైనుంచి ఆ దారాన్ని బిగించాడు, ఇంకా బిగించాడు, కర్ర కొన నీళ్లకేసి వంగి దణ్ణం పెట్టేదాకా బిగించాడు. అప్పుడు కర్రను దాని గొట్టంలో నిలబెట్టి రెండో గిలక దగ్గరికి నడిచాడు. దాన్ని డౌన్‌రిగ్గర్ అంటారు గానీ ఆ పడవ మీద ఎవరూ అంత పొడుగు పేరుతో పిలవరు, గిలక అంటే చాలు.

“అయ్యో, అదుగో వంగిపోయింది. చేప పడ్డట్టుందండీ,” అంది ఎర్లీన్ ప్రూయిట్. ఆ రోజు ఆ అద్దె పడవకి బేరం ఆవిడ ఒక్కతే. స్పొకేన్‌లో పురిటి పసికందుల వార్డులో ముప్ఫై ఆరేళ్లు నర్సుగా చేసి, కిందటి శుక్రవారమే ఉద్యోగంలోంచి దిగిపోయింది. తోటి నర్సులు కలిసి ఆవిడకి ఒక రోజు ట్రౌట్ వేట బహుమానంగా ఇచ్చారు. చేపలంటే ఆవిడకి ఏమాత్రం ఇష్టమో వాళ్లు అడిగినట్టు లేరు.

“వంగితే పడనట్టమ్మా. దభాలున నిటారుగా లేచిందనుకోండి, అప్పుడు పడ్డట్టు. చేప లాగితే కింద క్లిప్పు వదిలేస్తుంది కదా.”

“అంతా తిరకాసే అన్నమాట.”

డెల్మార్ నవ్వి రెండో గుండు దించాడు. రోజుకి పాతికసార్లు దించి ఎత్తడం, మే నుంచి సెప్టెంబరు దాకా. ముప్ఫై మూడేళ్లుగా అతని పని ఇంతే. అరవై ఎనిమిదేళ్లవాడు, పొట్టి మనిషి, ముంజేతులు మాత్రం ఒంటికి రెండు సైజులు పెద్దవి. తీగ కోసిన తెల్లటి గీతలు వేళ్ల నిండా ఉంటాయి, కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఎప్పటికీ అలాగే పెరుగుతుంది. సొంత పడవ లేదు, కావాలనుకోలేదు. ఎరల దుకాణం మేడమీద ఒక గది, చలికాలంలో బడి ముందర మంచు ఎత్తిపోసే పని, అంతే. అన్నట్టు, ట్రౌట్ అతనికి సయించదు. వాసన చూస్తేనే మొహం అదోలా పెడతాడు.

హాలోవే సరస్సులో వేటంటే నిజానికి ఎదురుచూడటమే. మనిషి నడక కన్నా మెల్లగా పడవ పోతూ ఉంటుంది, కొండల నీడ నీళ్లమీంచి తప్పుకుంటూ ఉంటుంది, నాలుగు గిలకలకీ నాలుగు కర్రలు వంగి ఉంటాయి. వెనక నిలబడ్డవాడు ఆ నాలుగు కొనల్నీ చూస్తూ ఉండాలి. విసుగెత్తదా అని వచ్చినవాళ్లంతా అడుగుతారు. డెల్మార్‌కి ఆ ప్రశ్నే అర్థం కాదు. నూట నలభై అడుగుల కింద చీకట్లో ఏం జరుగుతోందో చెప్పేది లోకంలో ఆ కొన ఒక్కటే. ఇప్పుడు ఏం చెబుతుందో ముందే తెలిస్తే కదా విసుగు.

పెద్ద చేపకి కళ్లు అక్కర్లేదు, అది కొట్టిందంటే గుడ్డివాడికైనా తెలుస్తుంది. జానెడు పిల్ల చేపతోనే చిక్కంతా. అది గాలం మింగుతుంది గానీ క్లిప్పు విడిపించుకునే బలం దానికి ఉండదు. పైన కర్ర వంగే ఉంటుంది, కొన మాత్రం కాస్త తలాడిస్తుంది. ఆ తలాడింపు కనిపెట్టి వెంటనే పైకి లాగితే పిల్ల బతుకుతుంది. కనిపెట్టకపోతే పడవ దాన్ని గంటసేపు చచ్చేదాకా ఈడుస్తుంది, ఎవరికీ తెలియదు.

అందుకే ఆ పడవ మీద ఒక కట్టడి ఉంది. పడవ కట్టిన అమోస్ టిబెట్స్ పెట్టాడు. అలా ఈడ్చి చంపిన పిల్లని పారేయకూడదు, అమ్మకూడదు. దాన్ని ఎవడు చూడలేదో వాడే వండుకుని తినాలి, ఉప్పు లేకుండా, ముళ్లతో సహా. అమోస్ పోయాక అతని కూతురు వెర్నా పడవ నడుపుతోంది, కట్టడి కూడా అలాగే నడుస్తోంది. ముప్ఫై రెండేళ్లలో డెల్మార్ నాలుగే తిన్నాడు. చుట్టుపక్కల రేవుల్లో ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్లు.

ఈ ఒక్క వేసవిలోనే అయిదు వచ్చాయి. మూడు తిన్నాడు, మిగతా రెంటినీ, కొంగల్లా కాచుకుని తిరిగే నీటికాకులకి చడీచప్పుడు లేకుండా విసిరేశాడు. ముందు గదిలో చక్రం పట్టుకున్న వెర్నాకి తెలియలేదు. ఇంకొక్కటి వస్తే ఈ పనిలోంచి దిగిపోవాలని ఆగస్టులో తనకి తనే మాటిచ్చుకున్నాడు. అప్పట్నుంచీ ఏ ఉదయం పడవెక్కినా ఇదే ఆఖరి రోజేమో అనుకుంటున్నాడు.

తొమ్మిదిన్నరకి పడవ, నీళ్లలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు పక్కనుంచి తిరిగింది. ఎర్లీన్ కాఫీ పోసుకుని గొంగళి కప్పుకుని వెనక బల్ల మీద కూర్చుంది. కొనలకేసి చూస్తూ కాఫీ తాగింది. తర్వాత, పక్కవాళ్లని లేపుతున్నట్టు మెల్లగా అంది.

“ఆ ఎడమవైపు రెండోది... అది అలా ఊగాలా?”

డెల్మార్ చూశాడు. తిన్నగా చూస్తే ఆ కొన ఉండాల్సిన చోట మసక. తల కాస్త పక్కకి తిప్పితే కర్ర ఉంది, కొన ఉంది, ఊగుతోందో లేదో తేలలేదు. గిలక తిప్పి చూస్తే మూడు నిమిషాల పని. కానీ పొద్దున్నే నిటారుకీ వంపుకీ తేడా తెలియని మనిషి చెబితే తను ఎత్తి చూడటమా అనిపించింది.

“అలలమ్మా,” అన్నాడు.

“ఓహో,” అంది ఆవిడ. మళ్లీ ఎత్తలేదు ఆ మాట.

పదింపావుకి ఎర మార్చడానికి ఆ గుండు పైకి తెచ్చాడు. దారం చివర జానెడు ట్రౌట్ నోరు తెరుచుకుని, పక్కకి తిరిగి, తెల్లబడి వచ్చింది. గాలం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నీటికాకి ఒకటి అప్పుడే పడవ వెనక్కి చేరింది. దానికి విసరబోయి చెయ్యి కాస్త లేచింది కూడా. ఎర్లీన్ చూస్తోంది, తప్పు పట్టుకున్న చూపు కాదు, వార్డులో పసిబిడ్డ మంచం వైపు చూసే చూపు. డెల్మార్‌కి చచ్చేంత సిగ్గేసింది. చేపని బకెట్లో వేశాడు.

మధ్యాహ్నం చిన్న గ్యాసు పొయ్యి మీద పెనం పెట్టి వెన్న వేశాడు. ముందు గదిలో వెర్నాకి వాసన తగిలింది. పడవ ఆపి, అరవై రెండేళ్ల ఆ భారీ మనిషి తలుపులోంచి వంగి వచ్చి పెనంలోకి చూసింది.

“ఎన్నోదయ్యా?”

“ఆరోది.”

“మూడు కదా తిన్నావు?”

“రెండు పారేశాను.”

వెర్నా తలుపుకి ఆనుకుని నిలబడింది. డెల్మార్ కూర్చుని తిన్నాడు. ఆ చేప మెత్తగా, చప్పగా, నానిన అట్టముక్కలా ఉంది. ముళ్లు కూడా నమిలి మింగాడు. ఇదేమిటని ఎర్లీన్ అడిగితే వెర్నాయే కట్టడి సంగతి చెప్పింది, అతని తొలి ముప్ఫై రెండేళ్ల సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఎర్లీన్ విని, అయితే నేను ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది, సగం నాకూ పెట్టాల్సిందేగా అంది. డెల్మార్‌కి నవ్వొచ్చింది. నవ్వాక మనసు కొంచెం తేలికపడింది, తేలికపడ్డాక కుతూహలం మొదలైంది. అది అతని గుణం. కాలు విరిగినా ఎలా విరిగిందో చూసుకునే రకం.

“ఎప్పట్నుంచి చూశారమ్మా దాన్ని?”

“ఆ రాయి దగ్గర తిరిగాం చూడండి, అక్కణ్ణుంచి.”

అంటే పిల్లని ఈడ్చింది ముప్పావు గంట. తను పది నిమిషాలు అనుకున్నాడు.

“అల కాదని ఎలా తెలిసింది?”

ఎర్లీన్ ఆలోచించింది. “మా వార్డులో పిల్లలు కొబ్బరికాయంత ఉంటారండీ. ఊపిరి తీస్తున్నారో లేదో దుప్పటి చూసి చెప్పాలి. ఫ్యాను గాలికీ దుప్పటి కదులుతుంది. ఫ్యాను కదిలిస్తే అన్ని మంచాల మీదా ఒకే లెక్కన కదులుతుంది. ఊపిరైతే దాని లెక్క దానిదే. ఆ కర్ర మిగతా మూడింటితో కలిసి ఊగలేదు. దాని లెక్క దానిదే.”

డెల్మార్ గిన్నె పక్కన పెట్టాడు. ముప్ఫై మూడేళ్లుగా తను చేస్తున్నది సరిగ్గా అదే. ఎవరైనా అడిగితే చూడగా చూడగా అదే తెలుస్తుందనేవాడు. దానికి ఇంత తేలికైన మాట ఉందని ఇన్నాళ్లూ తెలియలేదు. ఆ మాట విన్నందుకు సంతోషమే వేసింది, తనే ఆశ్చర్యపోయేంత.

కళ్లు చూపించుకున్నారా అని ఆవిడ అడిగింది. ఏప్రిల్‌లోనే చూపించుకున్నానన్నాడు. కన్ను నడిమధ్యన అరుగుతోందట, అంచులు బాగానే ఉన్నాయట, అద్దాలతోనూ కత్తితోనూ బాగయ్యేది కాదట. పక్కింటివాడి జబ్బు చెబుతున్నట్టే చెప్పాడు. వెర్నా తలుపు దగ్గరే నిలబడి అంతా వింది, ఆ తర్వాత లోపలికి వెళ్లి ఇంజను వేసింది.

ఆ తర్వాత డెల్మార్, ఎర్లీన్ పందెం పెట్టుకున్నారు. కొన ఏది కదిలినా ఇద్దరూ విడివిడిగా వేలు చూపించాలి, నోరు మెదపకూడదు. రెండు గంటల్లో ఎర్లీన్ రెండుసార్లు వేలు చూపించింది, రెండుసార్లూ కింద పిల్ల చేప ఉంది. డెల్మార్ మూడుసార్లు చూపించాడు, మూడుసార్లూ ఉత్తదే. ఇక తెలుసుకోవడానికేమీ మిగల్లేదు.

మొదటి పిల్ల బతికే వచ్చింది గానీ లోతులోంచి రావడంవల్ల పొట్ట ఉబ్బి వెల్లకిలా తేలింది. లోపలి గాలి పోతే తప్ప కిందికి దిగలేదు. ఎలా తియ్యాలో డెల్మార్ చెప్పబోయే లోపే ఎర్లీన్ దాన్ని తడిచేత్తో తీసుకుంది. రెండు వేళ్లతో పొట్ట కిందనుంచి తలవైపు, పాలు తాగిన బిడ్డని తేన్పించినట్టు నిమిరింది. చేప నోట్లోంచి బుడగ ఒకటి వచ్చింది. నీళ్లలో పెడితే ఒక్క తోకవిసురుతో మాయమైంది.

“ముప్ఫై ఆరేళ్లు ఇదే పని,” అంది ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ.

మూడింటికి గుండ్లు ఎత్తేశారు. మామూలుగా డెల్మార్ వెనకే నిలబడి తీగలు తుడుస్తూ రేవు చేరతాడు. ఆ రోజు తుడవడం అయ్యాక ముందు గదిలోకి వెళ్లి వెర్నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై మూడేళ్లలో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆవిడ ముందుకి చూసేది, అతను వెనక్కి చూసేవాడు. ఒకరి వీపు ఒకరికి అంటే అతిశయోక్తి కాదు. ఈ సరస్సు గట్లన్నీ అతనికి తెలుసు గానీ, దూరమవుతూ తెలుసు. దగ్గరకొస్తుంటే ఎలా ఉంటాయో తెలియదు.

“రేపట్నుంచి రాను,” అన్నాడు.

వెర్నా చక్రం మీంచి చూపు తిప్పలేదు. “నాన్న ఉంటే నిన్ను తన్నేవాడు.”

“చేపలు పారేసినందుకా?”

“నాకు చెప్పనందుకు.”

 మళ్లీ ఆవిడే, ఇక్కడే కూర్చో, చక్రం నువ్వు పట్టుకో, వెనక పని నేను చూస్తాను అంది. ఆ మాట నిజంగానే అంది. డెల్మార్ పడవ ముందు అద్దంలోంచి చూశాడు. ఎదురుగా ఏదో కొండ, రెండు శిఖరాలతో, మధ్యలో మసకతో, వాళ్లకేసి వస్తోంది.

“అదేం కొండ?”

“ఏం కొండేమిటయ్యా, రోజూ చూసే కొండే. జీను కొండ.”

“ఇటునుంచి ఇలా ఉంటుందా?” అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కాసేపు తల అటూ ఇటూ తిప్పి, అంచులతో దాన్ని మొత్తం చూశాడు. “ఎదురుగా ఉన్న రాయే కనపడనివాడికి చక్రం ఇస్తావా? ముంచుతాను.” వెర్నాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వాటిని తుడుచుకోలేదు, చేతులు చక్రం మీదే ఉంచింది.

రేవులో అతను ఎర్లీన్‌కి చెయ్యి ఇచ్చి దించాడు. నాలుగు కర్రలు విప్పి వరసగా పెట్టాడు, తీగలకి నూనె రాశాడు. టిఫిన్ డబ్బా తీసుకుని, వెర్నాకి తలూపి, చెక్క వంతెన మీంచి ఎరల దుకాణం వైపు నడిచాడు. మెట్ల దగ్గర తల పక్కకి తిప్పి ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు.

రేపు వెనక ఎవరు నిలబడతారో వెర్నాకి ఇంకా తెలియదు. ఎవరైనా సరే, క్లిప్పులు ఎక్కడున్నాయో ముందు తనకి తెలియాలి కదా. పడవ కడిగి, వెనక బల్ల కింద ఉన్న రేకు పెట్టె లాగింది. ఇన్నేళ్లలో ఆ పెట్టె తనెప్పుడూ తెరవలేదు. క్లిప్పులు ఒక పక్కన పేర్చి ఉన్నాయి. రెండో పక్కన ఫ్లానెల్ గుడ్డలో చుట్టి మూడు కళ్లజోళ్లున్నాయి, మందుల దుకాణంలో దొరికే చవకరకం. ఒకదాన్ని మించి ఒకటి అద్దాలు మందం. మూడూ వాడినవే, మూడింటి మీదా నీటిచుక్కలు ఎండిన మరకలు. అన్నిటికన్నా మందమైనదాని కాడ విరిగితే గాలపు దారంతో చుట్టి, బిగించి, చివర చిన్న ముడి వేసి ఉంది.