మోచేత్తో నెట్టింది

రాధాకృష్ణమూర్తి గారి అరుగు మీద అది నా నాలుగో ఆదివారం. పొద్దున్నే ఇంకొల్లులో బస్సెక్కి ఒంగోలు వస్తాను. ఆయన పూజలో ఉంటారు, లేదంటే భోజనం దగ్గర ఉంటారు. నేను కూర్చుంటాను.

కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. చుట్టుపక్కల కథల పుస్తకం వేసుకునే ప్రతివాడూ ఆయన చేత ముందుమాట రాయించుకుంటాడు. నన్ను ఆయన దగ్గరికి పంపింది అచ్చాఫీసు సుభానీ.

"మొదటి రెండు పేజీలు ఆయన ముందుమాటకి వదిలి లెక్కేశా బాబాయ్. ఆయన పేరు లేకపోతే నువ్వెవరో ఎవరికి తెలుసు?" అన్నాడు.

నిజమే అనుకున్నాను. మూడో తరగతితో బడి మానినవాణ్ణి. అరవై ఏడేళ్ళకి ఐదు కథలు రాశాను. అవి కథలో కావో చెప్పే మనిషి ఒకడు కావాలనిపించింది.

మొదటి ఆదివారమే ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారు ఎండు మిరపకాయల గంప తెచ్చి నా ముందు పెట్టారు. "ఊరికే కూర్చునే బదులు ఈ తొడిమలు తీయరాదూ, చెంచయ్యా" అన్నారు. తీశాను. ప్రతి ఆదివారం తీశాను. ఆ ఇంటి ఏడాది కారం దాదాపు నా చేతుల మీదుగానే పోయింది.

ఆ రోజు ఆయన నా కథల నోటుపుస్తకం, రెండు కాగితాలు పట్టుకుని బయటికొచ్చారు.

"ముందుమాట రాసేశానయ్యా. ఒక్క చోట సరిచేస్తే ఇచ్చేస్తాను."

"చెప్పండి."

"నీ రెండో కథ. తల్లి పొద్దంతా కల్లంలో మిరపకాయలు ఏరి ఇంటికొస్తుంది. ఐదేళ్ళ కొడుకు అమ్మా అంటూ ఎదురు పరిగెత్తుతాడు. అప్పుడేం రాశావ్?"

"మోచేత్తో నెట్టింది."

"ఆఁ. మోచేత్తో నెట్టింది, వాడు బురదలో పడ్డాడు, కథ ఐపోయింది. తల్లా, రాక్షసా? గుండెలకి హత్తుకుంది అని రాయి. రెండు కన్నీటి చుక్కలు పెట్టు. చదివేవాడు కరిగిపోవాలి."

"హత్తుకోలేదండి."

"ఎవరు?"

"మా అమ్మ."

"మీ అమ్మ గొడవ ఎవడికి కావాలయ్యా? నేను చెప్పేది అమ్మ గురించి."

ఆ నెట్టుడుకి ఐదేళ్ళప్పుడు ఆమె మీద పగ పట్టాను. ఆమె పోయేదాకా ముఖమిచ్చి మాట్లాడలేదు. తర్వాత నేనూ అదే కల్లంలో కూర్చున్నాను. సాయంత్రం ఆముదం రాసుకున్నా వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టే ఉండేవి. మోచెయ్యి ఎందుకో అప్పుడు తెలిసింది. కథలో ఆ కారణం రాయలేదు. ఆ పిల్లాడికి తెలియదు గనక రాయలేదు.

గంప పక్కకి నెట్టి లేచాను.

"కళ్ళజోడు తీయండి."

"ఎందుకు?"

"తీయండి."

తీశారు. నా కుడిచెయ్యి ఆయన మొహం మీదికి చాచాను. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ సందున గింజలున్నాయి. ఆయన వెనక్కి గెంతి గోడకి కొట్టుకున్నారు.

"పిచ్చా నీకు? కారం చేతులు! కళ్ళు పోతాయ్!"

"మా అమ్మవీ ఇవే చేతులండి."

జ్ఞానప్రసూనాంబ గారు గుమ్మంలోకొచ్చి, "ఏమిటా మోటుతనం?" అని అరిచారు. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు పెట్టుకున్నారు.

అలా వెనక్కి గెంతిన మనిషి ఇప్పుడైనా ఔనంటాడని ఒక్క క్షణం చూశాను. ఆ చూడటమే నాకు రోత పుట్టించింది. నాలుగు ఆదివారాలు తొడిమలు తీసినవాణ్ణి, ఇంకా ఆయన నోటికేసే చూస్తున్నాను.

"జీవితం వేరు, సాహిత్యం వేరు" అన్నారాయన. "నాలుగు ముక్కలు గిలికితే రచయితవైపోవు. ఈ కాగితాలు లేకపోతే నీ పుస్తకం బజ్జీలు కట్టుకోవడానికి కూడా పనికిరాదు."

"పనికొస్తుందండి. సుభానీ మంచి కాగితమే వాడుతున్నాడు."

ఆయన చేతిలోంచి నోటుపుస్తకం లాక్కున్నాను. కాగితాలు కింద పడ్డాయి. ఒక వాక్యం కంటబడింది. 'చదువు లేని ఈ పల్లెటూరి వృద్ధుని తప్పటడుగులను పాఠకులు పెద్ద మనసుతో మన్నింతురు గాక.'

"నన్ను మన్నించమని అడగమన్నదెవరు?" అన్నాను.

"పొగరు! ఈ జిల్లాలో నీ పుస్తకం ఎవడు ముట్టుకుంటాడో చూస్తాను."

"చూడండి."

ఆ కాగితాలు తీసి మిరపకాయల మీద పెట్టి మెట్లు దిగాను. గంపలో సగం కాయలకి తొడిమలు అలాగే ఉన్నాయి.

ఇంటికెళ్తే మా ఆవిడ సుబ్బరావమ్మ నా చేతులు చూసి ఆముదం సీసా తెచ్చింది. నలభై ఏళ్ళు కల్లాల్లో కాయలు ఏరిన మనిషి.

"ఏమన్నాడు ఆ పెద్దమనిషి? బాగుందన్నాడా?"

"ఏమన్లేదు."

ఆ ఒక్క ముక్కా చదివి వినిపించి, నువ్వైతే ఏం చేసేదానివి అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే చెప్పేది. అడగలేదు. ఆమె ఔనన్నా కాదన్నా కథలో ఉండేది ఆ మాటే. చేతులకి ఆముదం రాసుకుని పడుకున్నాను.

పొద్దున్నే అచ్చాఫీసుకి పోయాను. సుభానీ నా చేతులకేసి చూశాడు.

"ముందుమాటేదీ?"

"లేదు."

"లేదంటే? రెండు పేజీలు ఖాళీగా వదలమంటావా బాబాయ్? జనం నవ్వుతారు."

"వదలబాక. రెండో కథని మొదటికి తే. ముందుమాట ఉండాల్సిన చోట అది మొదలవ్వాలి."

"నీకేమన్నా మతిపోయిందా? పేజీ నంబర్లన్నీ మళ్ళీ మార్చాలి!"

"మార్చు."

గొణుక్కుంటూ నోటుపుస్తకం తీసుకుని చదువుతూ నిలబడ్డాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు. గొణుగుడు మానేశాడు.

"బాబాయ్, ఈ మోచెయ్యి దగ్గరికొచ్చేసరికి నాకు..."

"ఎలా ఉందని నిన్ను అడిగానా?"

"లేదు."

"అయితే పని చూడు. ఒక్క అక్షరం మారినా ఊరుకోను."

వాడు మొహం మాడ్చుకుని అక్షరాల పెట్టె ముందు కూర్చున్నాడు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసలో పేర్చాడు. నేను కదల్లేదు. ఆ వాక్యం వచ్చేదాకా వాడి వెనకే నిలబడ్డాను. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఐనా చదవగలిగాను.